శాపం తీరని కథానాయకులు

మంథర గూనిని చూపించి బుద్ధి కూడా వంకరేననడం మన కథలకు పాత అలవాటు. కుష్ఠు, కుంటికాలు, ఆడా మగా కాని రూపం అన్నీ శాపాలే. కథ కంచికి వెళ్లేలోపు శాపం తీరాలి, పెళ్లి జరగాలి. ఈ లెక్కను తిప్పికొట్టే ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ కథలు ఇంగ్లిషులో గత పదేళ్లుగా గట్టిగానే వస్తున్నాయి. వికలాంగులే కథానాయకులైన 'డిఫైయింగ్ డూమ్స్‌డే' సంకలనం 2016లో వచ్చింది. 'అన్‌కానీ' పత్రిక 2018లో సైన్స్ ఫిక్షన్‌కు, 2019లో ఫాంటసీకి వికలాంగ రచయితలతో ప్రత్యేక సంచికలు వేసింది. ('దివ్యాంగులు' అనే సర్కారీ మాట మేము వాడం.)

మనకు మరింత దగ్గరిది దళిత రచయిత్రి మిమి మొండల్ 2019లో రాసిన పెద్దకథ 'హిస్ ఫుట్‌స్టెప్స్, త్రూ డార్క్‌నెస్ అండ్ లైట్'. అది నెబ్యులా అవార్డు తుది జాబితాకు చేరింది. సర్కస్‌లో ట్రపీజ్ ఆడే బిను, అతనికి తోడుండే జిన్ కలిసి గుడికి అంకితమైన ఒక అమ్మాయికి అండగా నిలుస్తారు. దేవత ఆమెను వదలనంటుంది. 1988 జోగిని నిషేధ చట్టం ఎందుకు అవసరపడిందో తెలిసిన నిజామాబాద్ పాఠకులకు ఈ కథకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇలాంటి కథలకు ముడిసరుకు మన దగ్గరే ఉంది. డిచ్‌పల్లిలో 1915 నుంచి కుష్ఠు ఆసుపత్రి ఉంది. ఊరు వెలేసిన ఒళ్లకు అది చోటిచ్చింది. అదే నిజాం రాజ్యం 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఒక చట్టం తెచ్చింది. హిజ్రాల పేర్లు రిజిస్టరుకెక్కించాలంది, అలా పేరెక్కినవాళ్లు ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో! పేరు రాస్తే మనిషి బందీ అయిపోయే పుస్తకం కంటే పెద్ద మాయవస్తువు ఏ మాంత్రికుడి దగ్గరుంటుంది?

ఇక దురాశ. చిందు కళాకారులు ఆడే ఎల్లమ్మ కథనే తీసుకుందాం. కోరినదిచ్చే ఆవు కోసం కార్తవీర్యుడు జమదగ్ని మీదికి వస్తాడు. కొన్ని కథనాల్లో మొగుడి శాపంతో రేణుకకు కుష్ఠు వస్తుంది. తల తెగాక ఆమె తల మాతంగి మొండానికి అతుక్కుంటుంది. రోగం సోకిన ఒళ్లు, అంటరాని ఒళ్లు, రెండూ కలిసి దేవత. సౌందత్తి ఎల్లమ్మను కొలిచే జోగప్పలు ఆడా మగా గీతకు అవతల నిలబడతారు. వికలాంగ, క్వీర్, దళిత నాయిక మనకు దిగుమతి సరుకు కాదని మేము అనేది అందుకే.

కార్తవీర్యుడు సైన్యంతో వచ్చాడు. బోధన్‌లో ఆవును కాగితం మీదే తోలుకుపోయారు. 1937లో పుట్టిన నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్‌తో గేటు మూసుకుంది. జీతాల బకాయిల కోసం ఆ గేటు ముందు కూర్చున్న కార్మికుల్లో వేళ్లు పోయినవాళ్లకు, పెళ్లి చేసుకోనివాళ్లకు కథలో ఏ పాత్ర ఇస్తామన్నది తెలుగు ఫాంటసీ రచయితల ముందున్న పని. వేళ్లు మొలిపించకుండా, పెళ్లి చేయకుండా వాళ్లతో ఆ గేటు తెరిపించే కథ రాయాలి.