హాలుకు స్లైడింగ్ గ్లాస్ డోర్ పెట్టిస్తున్నారా? అంతర్వేది తీరంలో ముందు ఇవి చూసుకోండి
ఒకవైపు వశిష్ఠ గోదావరి, ఎదురుగా బంగాళాఖాతం. అంతర్వేదిలో ఇల్లు కడితే హాలుకు వెడల్పాటి గాజు తలుపు కావాలనిపించడం సహజమే. కానీ 1996 నవంబర్ 6 తుపాను చూసిన కోనసీమ ఇది. ఇటుక గోడలో పదడుగుల ఖాళీ వదిలితే పై బరువంతా లింటెల్ మీదే పడుతుంది. కిటికీకి వేసే లింటెల్ ఇక్కడ చాలదు, ఇంజినీర్‌తో డిజైన్ చేయించాల్సిందే. అది కాస్త వంగినా ఫ్రేమ్ నొక్కుకుపోయి తలుపు కదలదు.

గాజు టఫెన్డ్‌దే తీసుకోండి. తయారయ్యాక దాన్ని కోయడం కుదరదు, అందుకే ప్లాస్టరింగ్ అయ్యాకే కొలతలివ్వాలి. ఉప్పుగాలికి మామూలు స్క్రూలు, రోలర్లు తుప్పు పట్టేస్తాయి. 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి, రేటు ఎక్కువే. కింద ట్రాక్‌లో వాననీళ్లు బయటికి పోయే రంధ్రాలుంటాయి. ఇసుకతో అవి మూసుకుపోతే నీళ్లు నేరుగా హాల్లోకే!