పిట్ దొర, కృష్ణా తీరపు వజ్రం

మద్రాసు గవర్నరుగా పనిచేసిన థామస్ పిట్ కన్నుమూసి 2026తో 300 ఏళ్లు. కృష్ణమ్మ ఒడ్డున దొరికిన ఒక రాయే ఆయన పేరును ఇన్నాళ్లు నిలిపింది.

ఆ తీరంలో రాజ్యాలు మారినా వజ్రాల వేట ఆగలేదు. కుతుబ్‌షాహీల కాలానికి కొల్లూరు, పరిటాల గనుల పేరు ఐరోపా దాకా పాకింది. తర్వాత పిట్ ఏలిన మద్రాసు కోటను, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇచ్చిన చోట ఇంగ్లీషువాళ్లు కట్టుకున్నారు.

పిట్ మొదట్లో ఈస్టిండియా కంపెనీకి కంట్లో నలుసు. 1674లో బాలాసోర్ చేరి, కంపెనీ గుత్తాధిపత్యాన్ని లెక్కచేయకుండా సొంత వ్యాపారం సాగించాడు. జరిమానా వేసినా లొంగలేదు. చివరికి 1698లో కంపెనీయే ఆయన్ను గవర్నరును చేసింది. 1702లో నవాబు దావూద్ ఖాన్ మద్రాసును నెలల తరబడి దిగ్బంధించాడు. పిట్ బెదరకుండా నిలబడి, ఆఖరికి సొమ్ము ముట్టజెప్పి ఊరిని గట్టెక్కించాడు.

అసలు కథ కూడా ఆ రోజుల్లోదే. జమ్‌చంద్ అనే వర్తకుడు 410 క్యారెట్ల ముడి వజ్రం తెచ్చి రెండు లక్షల వరహాలు అడిగాడు. గీచి గీచి బేరమాడిన పిట్ 48,000కు ఖాయం చేసుకున్నాడు. 1702లోనే కొడుకు రాబర్ట్ చేత దాన్ని ఇంగ్లండు పంపించాడు. సానపట్టడానికి రెండేళ్లు పట్టింది. చివరికి మిగిలింది 140 క్యారెట్లు.

ఇంతలో పుకార్లు లేచాయి. గనికూలీ ఒకడు కాలి గాయంలో రాయిని దాచుకుని పారిపోతే, ఓడవాడు అతన్ని చంపి కాజేశాడని కథలు పుట్టాయి. 1709లో పదవి ఊడి ఇంటిదారి పట్టిన పిట్‌ను ఆ రాయిని అన్యాయంగా సంపాదించాడన్న నింద వెంటాడింది. 1710లో నార్వేలోని బెర్గెన్‌లో ఉండగా బేరం వివరాలన్నీ రాసి, న్యాయంగానే కొన్నానని దేవుడి సాక్షిగా ప్రకటించాడు.

1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధి ఓర్లియాన్ డ్యూక్ ఆ వజ్రాన్ని 1,35,000 పౌండ్లకు కొన్నాడు. అది పదిహేనో లూయీ కిరీటంలో, తర్వాత నెపోలియన్ కత్తి పిడిలో మెరిసింది. మధ్యలో 1792లో దొంగలపాలై మళ్లీ దొరికింది. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సేకరణలో భాగం. పిట్ మనవడు, మునిమనవడు బ్రిటన్ ప్రధానులయ్యారు.

ఇటు కొల్లూరు పులిచింతల జలాశయం ముంపులో కలిసింది. కొన్న గవర్నరు, అమ్మిన వర్తకుడు, ధరించిన రాజులు అందరూ చరిత్రకెక్కారు. తవ్వి తీసిన కూలీ పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఆ గనుల చరిత్రకూ, అక్కడ చెమటోడ్చిన జనానికీ గుంటూరు, పల్నాడు ప్రాంతంలో ఒక మ్యూజియం కట్టాలి. ప్రభుత్వం ఆ పనికి పూనుకోవాలి.