మిరప జాతి పూతలో తెలుస్తుంది

మిరపకు పేరు పెట్టే పనిలో యూరప్ వాళ్లు ఒకటికి రెండుసార్లు పొరబడ్డారు. 1492లో మిరియాల నేలను వెతుక్కుంటూ బయల్దేరిన కొలంబస్, కరీబియన్ దీవుల్లో కనిపించిన ఈ ఘాటు కాయను మిరియాల లెక్కలోనే వేశాడు. నిజానికి మిరియం తీగకు కాస్తుంది; మిరప వంకాయకు, టమాటాకు చుట్టం. 1776లో జాక్విన్ అనే వృక్షశాస్త్రవేత్త అమెజాన్ ప్రాంతపు మిరప జాతిని చైనాదనుకుని 'క్యాప్సికం చైనెన్స్' అన్నాడు. ఆ తప్పుపేరే నేటికీ నిలిచింది. పోర్చుగీసుల ఓడలెక్కి మన తీరానికొచ్చిన మిరప లేకుండా ఈ రోజు ఆవకాయను ఊహించలేం. అయినా పేరును, సైజును చూసి ఘాటు అంచనా కట్టే అలవాటు మనకూ ఉంది. పెరటి మిరపను గుర్తుపట్టాలంటే కాయకన్నా ముందు పూతను చూడాలి.

గుంటూరు సన్నం, బ్యాడిగి, వరంగల్ చపాటా, బజ్జీ మిర్చి రూపంలో ఎంత వేరైనా అన్నీ 'యాన్యుయం' జాతే. వీటికి కణుపుకు సాధారణంగా ఒకటే తెల్లపూవు. చైనెన్స్‌కు కణుపుకు రెండు మూడు పూలు, లేత ఆకుపచ్చ ఛాయతో తలవాల్చి పూస్తాయి. ముచ్చిక దగ్గర నొక్కినట్టు సన్నటి గాడి ఉంటుంది. 'ఫ్రుటెసెన్స్' అనే మరో జాతి కాయలు నిక్కి కాస్తాయి, పండితే ముచ్చిక నుంచి ఇట్టే ఊడొస్తాయి. నిక్కి కాసేవి యాన్యుయంలోనూ ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క గుర్తు చాలదు. చిన్నకాయకే ఘాటెక్కువన్న మాటా అంతే. ఈశాన్యపు భూత్ జొలోకియా పిట్టమిరపకన్నా ఎంతో పెద్దది. సన్నం ఘాటు స్కోవిల్ కొలతలో సుమారు 35-40 వేలైతే, భూత్ జొలోకియాది 10 లక్షలు దాటిందని 2007లో గిన్నిస్ నమోదు చేసింది.

కొరికి చూస్తే పోయేదానికి ఇంత పరీక్ష ఎందుకని అడగొచ్చు. కొన కొరికితే మోసపోతాం. ఘాటు పుట్టేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండలో. అది తొడిమ వైపే దట్టంగా ఉంటుంది. గింజకు అంటేది అక్కడి కారమే. పైగా నీటి ఎద్దడి పడితే అదే చెట్టు మరింత ఘాటు కాయలు కాయొచ్చు. బజ్జీ మిర్చి పక్కన నాటితే సన్నం చప్పబడుతుందంటారు గానీ, పరాగం కలిసిన ఫలితం ఈ కాయలో కాదు, దాని గింజ మొలిచాక వచ్చే మొక్కలో కనిపిస్తుంది. విత్తనం దాచుకునేవాళ్లకే ఆ జాగ్రత్త.

జాతి తెలిస్తే వంటా మారాలి. సన్నాన్ని ఎండబెట్టి పోపులో వేయించినా, దంచి కారం చేసినా దాని గుణం నిలుస్తుంది. చపాటా ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. పచ్చడికి ఎరుపు కావాలి, మంట వద్దు అనుకునేవాళ్లకు దాన్ని మించింది లేదు. చైనెన్స్‌కున్న పండు వాసనే దాని సొగసు. దాన్ని మామూలు పచ్చిమిర్చిలా తరిగి మరిగించడం వృథా అనిపిస్తుంది. కరీబియన్ వంటల్లో స్కాచ్ బానెట్ అనే చైనెన్స్ మిరపను కోయకుండా అన్నం గిన్నెలో వేసి, పగలకముందే తీసేస్తారు. మన పప్పుచారుకూ ఆ పద్ధతి సరిపోతుంది. కోయక తప్పనప్పుడు ఆ తెల్లకండను తీసేసి, చేతులకు ముందు నూనె రాసుకుని తర్వాత సబ్బుతో కడగాలి. ఈ కారం నూనెకు కరుగుతుంది, ఉత్త నీళ్లకు వదలదు.