మూడవ పట్టిక

గ్రంథాలయమునందు గ్రంథముల పట్టిక యొకటి, సభ్యుల పట్టిక యొకటి యుండును. ఎవరు ఏ గ్రంథమును ఎన్నడు కొనిపోయిరో తెలుపునది మూడవ పట్టిక. ఒక సభ్యుడు పెక్కు గ్రంథములు చదువును. ఒక గ్రంథము పెక్కుర చేతులకు పోవును. సభ్యుని పేరు క్రింద గ్రంథములను ఇరికించినను, గ్రంథము పేరు క్రింద సభ్యులను ఇరికించినను పుట చాలదు. చేతివ్రాత లెక్కలలో ఇది అందరెరిగినదే. కంప్యూటరు లెక్కలలో మాత్రము ఈ మూడవ పట్టికకు తగిన స్థానము దొరకుటకు కొంతకాలము పట్టెను.

అమెరికావారు చంద్రయాత్రకు సన్నాహము చేయుచున్న 1960ల దశకమున, యంత్రభాగముల లెక్కకై ఐ.బి.ఎం. సంస్థ ఐ.ఎం.ఎస్. అను ఏర్పాటును నిర్మించెను. అది వంశవృక్షము వంటిది. ఒక బిడ్డకు ఒక్కడే తండ్రి. కాని ఒకే తీరు మరమేకు పది యంత్రములలో బిగింపబడును గదా! దానికి తండ్రి యెవడు? ప్రతి యంత్రము క్రిందను మరల వ్రాసినచో, ఒకచోట దిద్ది వేరొకచోట మరచుట తప్పదు. తరువాత దానికి అడ్డుబంధములు చేర్చిరి గాని అది అతుకే.

ఈ చిక్కును మూలముతో పట్టినవాడు ఎడ్గర్ కాడ్. 1923లో ఇంగ్లండున జన్మించి, ఆక్స్‌ఫర్డులో చదివి, యుద్ధకాలమున విమానము నడిపిన యీతడు ఐ.బి.ఎం. వారి శాన్ హోసే పరిశోధనాలయమున నుండి 1970 జూన్‌లో ఒక వ్యాసము ప్రకటించెను. అందు భాగములు, పనులు, ఏ పనికి ఏ భాగము ఎంత కేటాయింపబడినది అను ఉదాహరణమును గైకొని, ఆ సమాచారమును అయిదు విధముల అమర్చి చూపెను. ఒకదానిలో పనులు భాగములకు లోబడియుండును. వేరొకదానిలో భాగములే పనులకు లోబడును. ఏ యొక్క అమరికకు వ్రాసిన ప్రోగ్రామైనను తక్కినవానిలో కనీసము మూడింట విఫలమగునని ఆతడు చూపెను. అమరిక మారినంత మాత్రమున ప్రశ్నకు జవాబు రాకపోవుట యెంత యన్యాయము!

కాడ్ పద్ధతిలో పట్టికకు పట్టిక లోబడదు. భాగముల పట్టిక, పనుల పట్టిక, కేటాయింపుల పట్టిక మూడును సమానములే. కేటాయింపులలో ప్రతి వరుస భాగపు సంఖ్యను, పని సంఖ్యను, పరిమాణమును మాత్రమే చెప్పును. ఆ పరిమాణము భాగపు గుణము గాదు, పనిగుణమును గాదు. రెంటి కలయికకు చెందినది. 1976లో పీటర్ చెన్ గీసిన పటములలో ఈ కలయికకు వజ్రాకృతి గల ప్రత్యేక చిహ్నమే లభించెను.

ఐ.ఎం.ఎస్. వలన రాబడి గడించుచున్న సంస్థ తన యింటివాని మాట వెంటనే ఆదరింపలేదు. 1979లో ఒరాకిల్ వారి సరకు అంగడికి వచ్చెను; ఐ.బి.ఎం. వారిది 1981లో వచ్చెను. కాడ్‌కు ట్యూరింగ్ పురస్కారము లభించినదియు ఆ యేడే.

మూడవ పట్టికలో రెండు సంఖ్యల జంట మరల రాకూడదను నియమము సాధారణముగ విధింతురు. కేటాయింపులకు అది చాలును. గ్రంథాలయమునకు చాలదు. రామాయణమును ఏటేట కొనిపోవు పాఠకుడుండును. జంట యొక్కటే గురుతైనచో ఆతని రెండవ పఠనమును యంత్రము తిరస్కరించును. కొనిపోయిన తేదీనిగూడ గురుతులో చేర్చినచో అది లెక్కకెక్కును.