గంజాయి కొట్లు – గల్లాపెట్టె భయం

నగదు కౌంటరులో పనిచేసిన మన సభ్యులకు ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. నేను చాలా ఏళ్లు బ్యాంకులో క్యాషియరుగా ఉన్నాను. సాయంత్రం లెక్క సరిపోయి, సేఫుకు రెండు తాళాలూ పడేదాకా మనసు కుదుటపడేది కాదు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ప్రజలు 2012లో ఓటు వేసి గంజాయి అమ్మకానికి అనుమతిచ్చారు. 2014 జనవరి 1న కొట్లు తెరిచారు. అయితే 1970 నాటి కేంద్ర చట్టం దృష్టిలో అది నేరమే. ఆ సొమ్ము ముట్టుకుంటే కేసులు వస్తాయని చాలా బ్యాంకులు వారికి ఖాతాలు ఇవ్వలేదు. అమ్మకం డబ్బు కొట్లోనే నోట్ల కట్టలుగా ఉండిపోయింది. పన్ను కట్టడానికీ సంచుల్లో నోట్లే మోశారు. దొంగలకు అంతకన్నా ఏం కావాలి? 2016 జూన్‌లో అరోరా పట్టణంలో ఇలాంటి కొట్టు కాపలాదారుణ్ణి దోపిడీకి వచ్చినవారు కాల్చి చంపారు.

ఈ కొట్లకు ఖాతాలిచ్చే బ్యాంకులకు రక్షణ కల్పించే బిల్లును ప్రతినిధుల సభ 2019 సెప్టెంబరులో 321–103 ఓట్లతో ఆమోదించింది. సెనేట్‌లో అది ఆగిపోయింది. 2023లో అలాంటి బిల్లునే సెనేట్ బ్యాంకింగ్ కమిటీ 14–9తో ఆమోదించినా, 2025 జనవరిలో ఆ కాంగ్రెసు గడువు తీరేదాకా అది సభలో ఓటుకు రాలేదు.

గంజాయి మంచిదని నేననను. కాని వ్యాపారానికి లైసెన్సిచ్చి పన్ను పుచ్చుకున్నాక, ఆ డబ్బు భద్రపరచుకునే దారి కూడా చట్టమే చూపాలి. లేకుంటే ఆ లోటుకు మూల్యం చెల్లించేది శాసనకర్తలు కారు, గల్లాపెట్టె దగ్గర నిలబడ్డ చిరుద్యోగి.