తస్వీరు – ఇజ్జత్

మన కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాలలో ఫోటో స్టూడియో పెట్టుకొని బతికే యువకులు మనవాళ్లలోనూ ఉన్నారు. కెమెరా మంచిదైతే ఫోటో మంచిగ వస్తదని వారిలో కొందరు అనుకుంటారు. చరిత్ర చూస్తే సంగతి వేరుగా కనబడుతుంది. మనిషి ముఖాన్ని తీసినవారిలో గొప్పవారు ఎట్లా పని చేసినారో తెలుసుకొనుట కెమెరా కొనుటకంటె ముఖ్యమని మేము భావిస్తున్నాము.

మొదట చెప్పవలసిన పేరు రాజా దీన్ దయాళ్ గారిది. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టినారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో సర్కారీ నౌకరీ చేస్తూ ఫోటోలు తీయుట మొదలుపెట్టినారు. తరువాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారుకు ఫోటోగ్రాఫర్ అయినారు. నిజాం ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ అనే ఖితాబు ఇచ్చినారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఫోటో తీసేవానికి చిత్రకారుని పేరు ఇచ్చుటలోనే ఒక పాఠమున్నది. వెలుతురు ఎటునుంచి రావాలె, కూర్చున్న మనిషి చేతులు ఎక్కడ ఉండాలె అని చూసేది యంత్రం కాదు, తీసేవాని కన్ను.

మాకు అన్నిటికంటె గొప్పగా తోచేది ఆయన 1892లో చేసిన పని. ఆ ఏడు హైదరాబాదులో స్త్రీల కొరకు ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచినారు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల పని నడిపింది ఒక ఆంగ్ల వనిత, ఆమెకు సాయంగా ఉన్నది స్త్రీలే. పరదా పాటించే బేగములను పరదా విడువుమని ఆయన అడుగలేదు. వారి రివాజుకు తగినట్లు తన స్టూడియోనే మార్చుకున్నారు.

ఇక మన ఆదిలాబాద్ సంగతి. ఆస్ట్రియా దేశస్థుడైన హైమన్‌డార్ఫ్ 1941లో గోండుల నడుమకు వచ్చినారు. భార్య బెట్టీతో మార్లవాయి గూడెంలో కాపురమున్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణకు బడి నడిచింది. ఆయన తీసిన ఫోటోలు లండన్ విశ్వవిద్యాలయపు ‘సోయాస్’ సంస్థలో భద్రంగా ఉన్నవి. ఒక పూట వచ్చి పోయేవానికి మనుషులు అంత నెమ్మదిగా ముఖం చూపరు. 1987లో కాలం చేసిన బెట్టీ సమాధి కూడా మార్లవాయిలోనే ఉన్నది.

డబ్బు లేదని వెనుకాడేవారు ఆఫ్రికాలోని మాలీ దేశపు సేదూ కీతాను చూడవచ్చు. ఆయన ఏ ఫోటో బడిలోనూ చదువలేదు. 1948లో బమాకో నగరంలో స్టూడియో పెట్టి, తన పడక దుప్పటినే వెనుక పరదాగా కట్టినాడు. ఆ తస్వీరులను తరువాత లోకమంతా చూసింది.

ఇప్పుడు మన ఇండ్లలో చూడండి. ఎందరో దాదీలకు, నానీలకు హజ్ పాస్‌పోర్టు కొరకు తీసిన చిన్న ఫోటో తప్ప మరొకటి లేదు. దుబాయి, మస్కట్ పోయిన కొడుకుకు తల్లి ముఖం ఆ ముక్క కాగితంలోనే మిగిలింది. దీన్ దయాళ్ గారి గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరినవి కనుక నిలిచినవి. మన ఇంటి తస్వీరులను నిలుపుకొనేది మనమే.

కాబట్టి స్టూడియో నడిపే తమ్ముళ్లకు మా మాట ఇదే. ఇంటికి పోయి, ఇంటి ఆడవారి ఎదుట, పెద్దమ్మల అనుమతితో, వారికి నచ్చిన తీరున ఒక్క మంచి ఫోటో తీయండి. వీలైతే ఆ పని మన ఆడపిల్లలకు నేర్పండి. ఫోటో వెనుక పేరు, ఊరు, సంవత్సరం రాయండి. పేరు రాయని తస్వీరు మూడో తరానికి ఎవరిదో తెలియకుండా పోతుంది.