మందు

గుంటూరు, ప్రకాశం రేగడి పల్లెల్లో ‘వాడు మందు కొడుతున్నాడు’ అంటే ఏ పూట అన్న మాటో చూసుకోవాలి. పొద్దున్నయితే పంపు భుజానికెత్తుకుని పత్తిచేలో ఉన్నాడని, పొద్దుగూకాకయితే సీసా ముందు కూర్చున్నాడని. జ్వరానికి మింగేదీ మందే. నాటు తుపాకి గొట్టంలో దట్టించే నల్లపొడీ మందే.

తమిళుల మరుందు, మలయాళీల మరున్ను, కన్నడిగుల మద్దు మన మందుకు తోబుట్టువులు. వాళ్లూ తుపాకి పొడిని ఆ మాటతోనే పిలుస్తారు. ఆ పొడిని మొదట చేసిన చైనావాళ్లు పెట్టుకున్న పేరు హువోయావ్, అంటే నిప్పుమందు. చావులేని మందు కోసం గంధకం, సురేకారం కలిపి చూసిన రసవాదుల చేతుల్లో పుట్టిందది. పురుగుమందు కూడా వాళ్లకు నోంగ్‌యావ్, సేద్యపు మందు. కాబట్టి ఈ కలగలుపు మన ఒక్కరిదే కాదు.

అసలు మందంటే మేలు చేసేదని మన పెద్దలు కూడా అనుకోలేదు. గుణం చూపించేదల్లా మందే. అన్నంలో గుట్టుగా కలిపి మనిషిని లొంగదీసుకుంటారని భయపడ్డ పెట్టుడుమందు అందుకు సాక్ష్యం. సమాసాలు చూడండి. తలనొప్పి మందు తలనొప్పిని పోగొడుతుంది, ఎలుకల మందు ఎలుకలను పోగొడుతుంది. పురుగుమందూ ఆ వరసదే. కానీ ఎరువుకు రైతు పెట్టుకున్న పేరు బలంమందు. అది బలాన్ని పోగొట్టదు, ఇస్తుంది. చంపేదీ పోషించేదీ ఒకే కొట్టులో, ఒకే ఖాతా మీద, ఒకే పేరుతో ఇంటికొస్తాయి. నా భయమంతా ఇక్కడే.

తుపాకి విషయంలో మనకు భయమూ ఉంది, పద్ధతీ ఉంది. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. ఎన్నికలొస్తే పల్నాడు ఊళ్లలో లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషనుకు చేరతాయి. తుపాకి పట్టడం నేర్పేవాళ్లు మొట్టమొదట చెప్పే మాట: లోపల ఏమీ లేదని నమ్మొద్దు, ఎప్పుడూ నిండుగా ఉన్నట్టే పట్టుకో, గొట్టం మనిషి వైపు తిప్పకు. పురుగుమందు తుపాకి మందు పేరు పంచుకుంది గానీ ఆ పద్ధతి పంచుకోలేదు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదుతారు. డ్రమ్ములో మందు చేత్తోనే కలియబెడతారు. గాలికి ఎదురు నడుస్తూ కొడతారు. ఖాళీ డబ్బా కడిగి నీళ్లకు వాడతారు. ఖాళీదే కదా అని ఎక్కుపెట్టిన తుపాకికీ, కడిగిందే కదా అని నీళ్లు పట్టిన డబ్బాకీ నేను తేడా చూడలేను.

1987-88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు పత్తిని ఊడ్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు మందు మీద మందు కొట్టారు. పురుగు లొంగలేదు, అప్పు మిగిలింది, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో మిరపను నల్ల తామరపురుగు పట్టినప్పుడూ మళ్లీ అదే పరుగు, మందుల కొట్టుకి.

1968 పురుగుమందుల చట్టం కింద వచ్చిన 1971 నియమాలు డబ్బా మీద రంగు గుర్తు ఉండాలన్నాయి. విషం తీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపైతే పుర్రె, ఎముకలు కూడా ఉంటాయి. రైతులు ‘మోనో’ అని చనువుగా పిలిచే మోనోక్రోటోఫాస్ ఎరుపు గుర్తుది. 2005లోనే దాన్ని కూరగాయల మీద వాడొద్దన్నారు. చట్టం నాలుగు రంగులు విడదీస్తే మన నోరు వాటిని ఒక్క మాటలో కలిపేసింది. బలంమందు, కలుపుమందు, తెగులుమందు అని ఇంత చక్కగా విడదీసుకున్న రైతు నోటికి ‘ఎర్రగుర్తు మందు’ అనే మాట బరువు కాదు. కొట్టువాళ్లు అమ్మేటప్పుడు అలా అంటే నెల రోజుల్లో ఊరికి అలవాటవుతుంది.

ప్రమాదం జరిగి మనిషిని ఆస్పత్రికి తెస్తే డాక్టరు మొదట అడిగేది ‘ఏ మందు?’ అని. పురుగుమందు అంటే సరిపోదు. మోనో జాతి మందులకు అట్రోపిన్ ఇస్తారు. పారాక్వాట్ అనే కలుపుమందుకు విరుగుడే లేదు, దానికి చేసే వైద్యం వేరు. అందుకని మనిషితోపాటు ఆ డబ్బా, దొరక్కపోతే ఫోనులో దాని లేబుల్ ఫోటో అయినా, డాక్టరు చేతికి చేరాలి.